ఆ రాగి బిళ్లకు లక్షలు రావు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో అటక మీది ట్రంకు పెట్టెలో దొరికిన రాగి నాణెం గురించి ఒక కథనం వేశారు. ఫొటో కింద ‘18వ శతాబ్దంలో జర్మనీ ప్రభుత్వం విడుదల చేసిన అత్యంత అరుదైన నాణెం, ధర 5 లక్షలు’ అని రాశారు. అందులో నేను ఒప్పుకోగలిగింది రాగి అన్న మాట ఒక్కటే. 18వ శతాబ్దం కూడా నిజమే కావచ్చు. మిగతాది సరిచేయకపోతే మా వీధిలో నాకు నిద్ర పట్టేలా లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

నేను చరిత్ర పంతుల్ని కాను. బస్సు కండక్టరుగా పనిచేసి 2011లో రిటైరైనవాణ్ణి. ఎక్కువ కాలం విజయవాడ–సూర్యాపేట రూటులో తిరిగాను. చిల్లర లేక టికెట్ వెనక ‘రూ. 1.50 ఇవ్వాలి’ అని రాసిచ్చి, ఆ ఒకటిన్నర కోసం దిగేటప్పుడు గేటు దగ్గర మాటలు పడ్డ జాతి మాది. అందుకే కాబోలు, బంగారు నాణేలంటే నాకు మోజు లేదు. మనుషుల చేతుల్లో అరిగిన చిల్లరంటేనే ఇష్టం. మా పెద్దమ్మాయి జర్మనీలోని మాగ్డెబుర్గ్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో అక్కడి ఆదివారం సంతలో పాత రాగి నాణేలు కుప్ప పోసి అమ్ముతుంటే, నాన్నకు పనికొస్తాయని ఏరుకొచ్చింది. పెద్దవి మూడేసి యూరోలు, చిన్నవి ఒక్కో యూరో. మొదటి విడత 41. ఇప్పుడు నా దగ్గర 160 పైచిలుకు ఉన్నాయి. మొత్తం ఖర్చు కలిపినా మంచి స్మార్ట్‌ఫోన్ రాదు. మీరు రాసిన 5 లక్షల లెక్కన అయితే నేను ఈపాటికి కోటీశ్వరుణ్ణి.

ముందు ‘జర్మనీ ప్రభుత్వం’ సంగతి. 18వ శతాబ్దంలో జర్మనీ అనే ప్రభుత్వమే లేదు. అది వచ్చింది 1871లో. అంతకుముందు అక్కడ ఉన్నది పవిత్ర రోమన్ సామ్రాజ్యం పేరుతో ఒక పెద్ద గొడుగు, దాని కింద దాదాపు 300 చిన్నా పెద్దా రాజ్యాలు. రాజులు, డ్యూకులు, బిషప్పులు, మఠాధిపతులు, ఎవరికీ లోబడని పట్టణాలు. వాటిలో చాలావాటికి సొంతంగా నాణెం కొట్టించుకునే హక్కుంది. ఒక పట్టణం, దాని చుట్టూ నాలుగు పల్లెలు, మధ్యలో ఒక టంకసాల అన్నట్టు ఉండేది.

ఈ మాట చెబితే పిల్లలు నమ్మరుగానీ నాకు వెంటనే అర్థమైంది. కారణం మా జగ్గయ్యపేట. 1948కి ముందు మాది మద్రాసు రాష్ట్రం, కృష్ణా జిల్లా. పొలిమేర దాటి కోదాడ వెళితే నైజాం. కోదాడ దాటి మునగాల వస్తే మళ్లీ కృష్ణా జిల్లా! నైజాం భూమి మధ్యలో దీవిలా మునగాల పరగణా ఇంగ్లీషు వాళ్ల కింద ఉండేది. అది దాటి సూర్యాపేట వెళితే మళ్లీ నైజాం. మా తాత తమలపాకుల కట్టలు వేసుకుని ఆ దారిన తిరిగేవాడు. నడుముకు రెండు గుడ్డ సంచులు కట్టుకునేవాడని నాయనమ్మ చెప్పేది. ఒకదాంట్లో కల్దారు, అంటే ఇంగ్లీషు వాళ్ల రూపాయి. ఇంకోదాంట్లో హాలీ, అంటే నైజాం రూపాయి. సర్కారు లెక్క ప్రకారం నూరు కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. అంత లెక్క తాతకెందుకు, ఆరు కల్దార్లు ఇస్తే ఏడు హాలీలు అని ఒక్క ముక్కలో పెట్టుకున్నాడు. మధ్యలో నాణేలు మార్చే షరాబు వట్టం కింద, అంటే మార్పిడి కమీషన్ కింద, పట్టుకునేది వేరే. నేను టికెట్లు కొట్టిన రూటు కూడా అదే. నాకు ఒకే సంచీ సరిపోయింది.

మా అమ్మాయి మాగ్డెబుర్గ్ నుంచి లైప్‌జిగ్‌కి రైల్లో వెళ్తూ ఒకసారి ఫోన్ చేసింది. ‘నాన్నా, కోతెన్ దాటాను, హాలె వస్తోంది’ అంటే పాత మ్యాపు ముందు పెట్టుకుని చూశాను. మాగ్డెబుర్గ్ ప్రష్యా రాజుది. కోతెన్ ఆన్‌హాల్ట్-కోతెన్ అనే చిన్న సంస్థానానికి రాజధాని. హాలె మళ్లీ ప్రష్యా. లైప్‌జిగ్ సాక్సనీ. జగ్గయ్యపేట, కోదాడ, మునగాల, సూర్యాపేట! గంటన్నర ప్రయాణంలో అచ్చం మా రూటే. అన్నట్టు ఆ హాలె మనకు పరాయి ఊరేం కాదు. మద్రాసులో ఏళ్ల తరబడి ఉండి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్ట్జ్ అనే మిషనరీ తిరిగి వెళ్లి, తెలుగు అక్షరాలు పోత పోయించి 1746–47 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది అక్కడే.

ఇక ఆ నాణేల లెక్క. ఉత్తరాన 12 ఫెనిగ్‌లు ఒక గ్రోషెన్, 24 గ్రోషెన్లు ఒక టాలర్. అంటే టాలర్‌కి 288 ఫెనిగ్‌లు. మన అణాకి 12 పైలున్నట్టే గ్రోషెన్‌కి 12 ఫెనిగ్‌లు. కాబట్టి పాతకాలం వాళ్లకు ఈ లెక్క వేళ్ల మీద వచ్చేస్తుంది. దక్షిణాదిన పద్ధతి వేరు. అక్కడ 60 క్రోయిట్సర్లు ఒక గుల్డెన్, క్రోయిట్సర్‌కి 4 ఫెనిగ్‌లు లేదా 8 హెల్లర్లు. పడమర రైన్ నది వైపు స్ట్యూబర్ అని ఇంకోటి. పోనీ టాలర్ అన్నా అంతటా ఒకటేనా అంటే అదీ కాదు. కొలోన్ మార్కు అని దాదాపు 234 గ్రాముల తూకం ఒకటుంది. అంత మేలిమి వెండిలో ప్రష్యా 1750 నుంచి 14 టాలర్లు లెక్కగట్టింది. ఆస్ట్రియా, బవేరియా 1753లో ఒప్పందం చేసుకుని 10 టాలర్లే లెక్కగట్టాయి. పేరు ఒకటే, తూకం వేరు.

ఇంత వెండి లెక్కల మధ్య రాగి ఎందుకొచ్చిందంటే, టాలర్‌లో 288వ వంతు వెండితో నాణెం కొడితే అది చేప పొలుసంత ఉంటుంది. వేళ్ల సందున జారిపోతుంది. అందుకని వెండిలో రాగి కలుపుతూ పోయారు. కలిపి కలిపి చివరికి పేరుకే వెండి మిగిలింది. అంతకంటే నేరుగా రాగితోనే కొడితే పోలా అనుకున్నారు. వెస్ట్‌ఫాలియా వైపు పట్టణాలు ఈ పని 16వ శతాబ్దంలోనే మొదలుపెట్టాయి. వెండి గనులున్న సాక్సనీ మాత్రం 1772 దాకా ఆగి అప్పుడు రాగి ఫెనిగ్ తెచ్చింది.

రాగి బిళ్ల మీద ‘ఒక ఫెనిగ్’ అని ఉన్నా అందులో ఫెనిగ్ విలువ చేసే రాగి ఉండదు. ఆ తేడా కొట్టించిన దొరకు లాభం. అందుకే చిన్న సంస్థానాలకు రాగి నాణెం మీద అంత ప్రేమ. చాలా నాణేల మీద దాచకుండా ‘షైడె ముంట్జ్’ అని రాసేవాళ్లు. షైడె అంటే విడదీయడం. బేరం అయ్యాక కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య మిగిలిన కాస్త లెక్కను తెంచి ఇద్దరినీ ఎవరి దారిన వాళ్లను పంపేది అని అర్థం చెబుతారు. మా కండక్టర్ల భాషలో ‘చిల్లర’. ఈ మాట మీద నాకు చాలా అభిమానం. నా టికెట్ల వెనక రాతలన్నీ షైడె ముంట్జ్ లేకనే కదా.

అయితే పొలిమేర దాటితే ఈ చిల్లర చెల్లేది కాదు. పక్క దొర ‘ఫలానా వాళ్ల నాణెం మా సీమలో పనికిరాదు’ అని చాటింపు వేయించేవాడు. చేతిలో ఉన్న కూలివాడు వట్టానికి మార్చుకోవాలి, లేదంటే మూట కట్టి ఇంట్లో పడేయాలి. మూటల్లో ఉండిపోయాయి కాబట్టే ఇవాళ సంతలో ఇన్ని దొరుకుతున్నాయని నా ఊహ. అరుదైనవి కావు, సారూ! చెల్లక మిగిలినవి.

మీ ఫొటోలో నాణెం మీదున్న చక్రం బొమ్మ దగ్గరికి వస్తాను. మీ విలేకరి దాన్ని ‘రథచక్రం’ అన్నారు. చక్రం గుర్తు రెండు చోట్లది. ఒకటి మైన్స్ ఆర్చిబిషప్పుది, రెండోది ఓస్నాబ్రూక్ అనే పట్టణానిది. రెండూ ఆరు ఆకుల, అంటే ఆరు కమ్మీల చక్రాలే. చుట్టూ ఉన్న ఊరి పేరు చదవగలిగితే గొడవే లేదు, అరిగిపోతేనే టెన్షన్. నేను ఒక ఓస్నాబ్రూక్ నాణేన్ని రెండేళ్లపాటు మైన్స్ డబ్బాలో పెట్టుకున్నాను. ఒకరోజు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు అంచున రెండు అక్షరాలు లేచి కనబడ్డాయి. అప్పుడు డబ్బా మార్చాను. ఆ రాత్రి ఇంట్లో పాయసం చేయమన్నాను, చేయలేదు.

ఓస్నాబ్రూక్ అనగానే ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 వెస్ట్‌ఫాలియా సంధిలో ఆ సీమకు ఒకసారి కాథలిక్ బిషప్పు, తర్వాత ప్రొటెస్టెంట్ బిషప్పు ఉండాలని రాసుకున్నారు. ప్రొటెస్టెంట్ వంతు, తర్వాత ఇంగ్లండ్‌ను కూడా ఏలిన హానోవర్ రాజవంశానిది. 1764లో వాళ్ల వంతు వచ్చేసరికి బిషప్పుగా పెట్టింది ఎవరినో తెలుసా? ఇంగ్లండ్ రాజు మూడో జార్జి రెండో కొడుకు ఫ్రెడరిక్‌ని. అప్పటికి ఆ పిల్లవాడి వయసు ఆరు నెలలు. ఉగ్గుపాలు తాగే బిషప్పు! పెద్దయ్యాక డ్యూక్ ఆఫ్ యార్క్ అయ్యాడు. ఇంగ్లీషు సైన్యం నడిపాడు. దైవకార్యం ఏమాత్రం చేశాడో మనం అడగకూడదు.

రాయిస్ అనే సంస్థానం సంగతి ఇంకా తమాషా. ఆ వంశంలో పుట్టిన మగపిల్లవాడు ఎవడైనా సరే పేరు హైన్రిష్. అన్నకూ హైన్రిషే, తమ్ముడికీ హైన్రిషే. అంకెలు మాత్రమే తేడా. గద్దె ఎక్కినా ఎక్కకపోయినా అంకె వస్తుంది. పెద్ద శాఖ వాళ్లు వంద దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలన్నారు. చిన్న శాఖ వాళ్లు శతాబ్దం మారగానే కొత్త లెక్క. గ్రైత్స్ అనే ఊళ్లో ఏలిన పదకొండో హైన్రిష్ పుట్టింది 1722లో, పోయింది 1800లో. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో ఆయన నాణెం మీద ‘పదకొండు’ చూసి ఇదేదో పదకొండు ఫెనిగ్‌ల నాణేనికి సంబంధించిన లెక్క అనుకున్నాను. నవ్వుకోండి, ఫర్వాలేదు.

మా అల్మారాలో ఎక్కువగా ఉన్నవి ఇంకో రెండు రకాలు. ఆహెన్ పట్టణం వాళ్ల 12 హెల్లర్ల బిళ్ల, ఒక వైపు గద్ద, ఇంకో వైపు పెద్ద రోమన్ అంకె. తర్వాత యూలిష్-బెర్గ్ సీమ పావు స్ట్యూబర్. దాని మీద కిరీటం కింద సి, టి అక్షరాలు అల్లుకుని ఉంటాయి. కార్ల్ థియోడోర్ అనే దొర పేరులో మొదటి అక్షరాలవి. బొమ్మ, బొరుసు ఒకే దిక్కుగా కుదిరిన నాణెం ఈ చిల్లరలో తక్కువే. రాగి పక్కకు జరిగి, సగం అక్షరం బిళ్ల మీద, సగం గాల్లో. పని తొందర అలాంటిది. టంకసాల అధికారి మాత్రం తన పేరులోని అక్షరాన్ని ఒక మూల జాగ్రత్తగా దించేవాడు. చేసిన పనికి పూచీ అన్నమాట. మేము ట్రిప్ షీటు మీద సంతకం పెట్టినట్టు.

కక్కుర్తి చిన్న దొరలకే ఉందనుకోకండి. 1756లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సాక్సనీని ఆక్రమించి లైప్‌జిగ్ టంకసాలను చేజిక్కించుకున్నాడు. సాక్సనీ ప్రభువు బొమ్మ ఉన్న పాత అచ్చులతోనే, వెండి తగ్గించి నాణేలు కొట్టించి యుద్ధం ఖర్చు వెళ్లదీశాడు. టంకసాలల గుత్తేదారు ఎఫ్రాయిమ్ అనే యూదు వ్యాపారి. జనం ‘పైన చూస్తే అందం, లోన చూస్తే చండాలం, పైన ఫ్రెడరిక్, లోన ఎఫ్రాయిమ్’ అనే అర్థంలో పాట కట్టుకున్నారు. లాభం తిన్నది రాజు, పాటలో తిట్లు తిన్నది గుత్తేదారు. ఇది నాకు న్యాయంగా తోచదు. బస్సు లేటైతే కండక్టరును తిట్టినట్టే.

మరి మన దగ్గర ఇలాంటి చిల్లర లేదా? ఉంది. అసలు మనం ‘డబ్బు’ అంటున్నామే, అది మొదట రాగి నాణెం పేరే. బందరులో పాత ఇత్తడి సామాను కొట్లో 15 ఏళ్ల కిందట నాకొక రాగి బిళ్ల దొరికింది. 1794 నాటిది. దాని మీద ఇంగ్లీషులో ‘48 టు వన్ రూపీ’ అని ఉంటుంది. రూపాయికి 48 అన్నమాట. ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, ఈస్టిండియా కంపెనీ బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ గారి సోహో టంకసాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టించి ఓడల్లో తెప్పించింది. జర్మన్ గ్రోషెన్ల మీద కూడా ‘24 ఐనెన్ టాలర్’ అని, టాలర్‌కి 24 అని, అదే తీరున రాసేవాళ్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మిషను పనికీ చేతిపనికీ ఎంత తేడానో తెలుస్తుంది. మన 1794 బిళ్ల అంచు గీసినట్టు గుండ్రం. నా హానోవర్ ఫెనిగ్ అంచు దోసెలా ఉంటుంది. దాని మీద చెట్టు పట్టుకుని నిలబడ్డ అడవి మనిషి బొమ్మ.

హానోవర్‌కీ మనకూ మరో చుట్టరికం ఉంది. ఉగ్గుపాల బిషప్పు తండ్రి మూడో జార్జే అక్కడ కూడా ప్రభువు. జీవితంలో ఒక్కసారి కూడా అక్కడ అడుగుపెట్టకుండానే ఏలాడు. ఆయన హానోవర్ సైన్యంలోంచి రెండు రెజిమెంట్లను కంపెనీ అద్దెకు తెచ్చుకుంటే అవి 1782లో మద్రాసు చేరాయి. మరుసటి ఏడాది కడలూరు దగ్గర ఫ్రెంచివాళ్లతో పోరాడాయి. ఆ సిపాయిల జేబుల్లో నాలుగు ఫెనిగ్‌లు మన తీరానికి వచ్చి ఉంటాయా అని ఒక్కోసారి అనిపిస్తుంది. వచ్చినా చెల్లవుగా.

లేఖ పొడుగైంది. అసలు సంగతికి వస్తాను. మీ కథనం వచ్చిన మర్నాటి నుంచి మా ఇంటికి జనం. నాయనమ్మ కాలం కాణీలు, చిల్లు కాణీలు, ఒకాయనైతే గుడి హుండీలో వచ్చిన మలేషియా సెంటు పట్టుకొచ్చాడు. ‘మీకు తెలుసట కదా, ఎంతొస్తుంది?’ మా వీధి చివర టైలరింగ్ చేసుకునే ఒక అమ్మాయి మీ పేపరు కటింగ్ పెట్టుకుని ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడింది. ఆమె దగ్గరున్న పాత రాగి నాణేనికి 3 లక్షలిస్తామని, ముందు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ 2,100 కట్టమని అన్నారట. కట్టేసింది. తర్వాత ‘జీఎస్టీ’ పేరుతో 6,000 అడిగారు. అప్పుడు నా దగ్గరికొచ్చింది. ఆ నాణెం 1920ల నాటి పావు అణా. ఇలాంటి లావాదేవీలకు తాము ఏ రుసుమూ తీసుకోమని, తమ పేరుతో వసూలు చేసేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఆ నాలుగు లైన్లు మీ కథనం కింద వేసుంటే ఆ అమ్మాయి నాలుగు జాకెట్ల కుట్టుకూలి మిగిలేది. చెల్లని రూపాయికి గీతలెక్కువ అంటారు. ఫోన్‌లో మాట్లాడినవాడి దగ్గర స్టాంపులు, సంతకాలు, గుర్తింపు కార్డు ఫొటో అన్నీ ఉన్నాయట.

ఇంకొకటి. మీ కథనంలో నాణేన్ని ‘చింతపండుతో తోమగా తళతళలాడింది’ అని మెచ్చుకున్నారు. దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి. మా అమ్మాయి తెచ్చిన మొదటి 41లో 14 నాణేలను మా ఆవిడ దేవుడి చెంబులతో కలిపి చింతపండు, ఉప్పు వేసి తోమింది. పాపం, మంచి మనసుతోనే. రెండు వందల ఏళ్ల పాటు పట్టిన గోధుమరంగు పొర పోయి అన్నీ కొత్త వైరు ముక్కల్లా తయారయ్యాయి. ఏటవాలు ఎండలో లేచి కనబడే అక్షరాలు కూడా పోయాయి. ఆ 14నీ ఎవరూ ఒక్కో యూరోకి కూడా కొనరు. పచ్చ చిలుము పట్టి రాలుతుంటే వేరే సంగతి, అప్పుడు తెలిసినవాళ్లకు చూపించాలి. మామూలు మురికైతే మెత్తని బట్టతో అద్ది వదిలేయండి.

కాబట్టి వచ్చే ఆదివారం ఒక సవరణ వేయమని మనవి. ధర 5 లక్షలు కాదని, రిజిస్ట్రేషన్ ఫీజు ఎవరికీ కట్టొద్దని రాయండి. అట్లాగే మీ విలేకరిని ఆ ట్రంకు పెట్టె వాళ్లింటికి ఇంకొకసారి పంపి, సాయంత్రం పూట కిటికీ దగ్గర నాణేన్ని పక్కవాటుగా పట్టుకుని ఫొటో తీయమనండి. చక్రం చుట్టూ అంచున ‘ఓ’ అక్షరం లాంటిది కనబడుతుందేమో చూడాలి. కనబడితే ఓస్నాబ్రూక్. నా దగ్గర అదే రకం ఇంకోటి ఉంది, పోల్చి చెబుతాను. కనబడకపోతే మైన్స్ డబ్బాలో వెతుకుదాం.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టరు,
జగ్గయ్యపేట.